ఆగ్నేసమ్మ పండగకు మా గొర్రెపిల్ల

మొన్న జనవరిలో ఒక పెండ్లికని మార్కాపురం నుంచి గిద్దలూరు పోతుంటే, కంభం దాటాక ఒక పల్లె దగ్గర మా కారు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా తేరు పోతున్నది. ట్రాక్టరు ట్రక్కు మీద బంతిపూల పందిరి, దాని కింద చెట్టుకు కట్టేసిన ఒక యువకుడి బొమ్మ, ఒంటి నిండా బాణాలు. వెనకాల మేళం, దాని వెనక కొవ్వొత్తులు పట్టుకున్న ఆడవాళ్లు. కారు నడుపుతున్న అబ్బాయి అద్దం దించి చూసి, "ఎవరు మేడం ఈయన, ఒళ్లంతా బాణాలే ఉన్నాయి" అన్నాడు. "సెబాస్టియన్ గారు. రోము రాజు దగ్గర సిపాయి. దేవుణ్ణి వదలనన్నాడని బాణాలతో కొట్టించారు. వాటికి చావలేదు. లేచి మళ్లీ రాజు ముందరికే పోయి నిలబడ్డాడు. రేపు ఆగ్నేసమ్మ పండగ" అన్నాను. అతను అడక్కుండానే ఆ చివరి మాట నోట్లోంచి వచ్చేసింది. అబ్బాయి అద్దంలో నా నుదుటి మీద బొట్టు చూశాడు, మెడలో నల్లపూసలు చూశాడు. "మీరు వాళ్లా మేడం?" అన్నాడు. "కాదు నాయనా, గొర్రెలోళ్లం" అన్నాను. అతనికి ఏమర్థమైందో తెలియదు గాని, తేరు పోయేదాకా నా గుండె మాత్రం పదమూడేళ్ల పిల్ల గుండెలా కొట్టుకుంటూనే ఉన్నది.

సెబాస్టియన్ గారి వంటి వాళ్లను ఇప్పుడు పునీతులు అంటున్నారు. మా చిన్నప్పుడు పెద్దవాళ్లు అర్చ్యశిష్టులు అనేవాళ్లు. ఆ మాటకు నోరు తిరగడానికి నాకు చాలా రోజులే పట్టింది. తిరిగాక ఎవరి పటం కనిపించినా అర్చ్యశిష్ట ఫలానా వారు అని గడగడా చెప్పేదాన్ని. గొర్రెల మందలో పుట్టిన పిల్లకు ఈ మాట ఎక్కడిదంటే, దానికి కారణం మళ్లీ గొర్రెలే. మా నాయన తిరుపాలు. మా జీవాలు, మా మేనత్త గురవమ్మ వాళ్ల జీవాలు కలిపి ఒకే మంద. పైరు కోసిన చేలల్లో ఎరువు కోసం రైతులు మందను నిలిపించుకునేవాళ్లు. ఒక ఏడు కంభం ఇవతల కన్యస్త్రీల మఠం చేలో మంద నిలిపాము. వాళ్ల పొలం పనులన్నీ చూసుకునే సిస్టర్ లూసీ కేరళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది, తెల్లచీర కొంగు బొడ్లో దోపుకుని గట్ల మీద చకచకా నడిచేది. ఆమె ఒక గొర్రెపిల్లను చూపించి దీని పేరేమిటి అని ఊరికే అడిగింది. నేను చెప్పాను. ఇంకొకదాన్ని చూపించింది, చెప్పాను. మందలో ఉన్న పిల్లలన్నిటికీ నేనే పేర్లు పెట్టాను కాబట్టి ఆమె ఎన్నింటిని చూపించినా చెబుతూనే పోయాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని మా నాయన వైపు తిరిగి, "ఇన్ని పేర్లు ఈ తలలో పట్టినవి. అక్షరాలు పట్టవా? ఈ పిల్లను మాకు ఇవ్వండి" అన్నది. మా నాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "మతంలో కలుపుకుంటారా అమ్మగారూ?" అని అడిగాడు. "బడిలో కలుపుకుంటాము" అన్నది సిస్టర్ లూసీ. ఆ మాట మీద మా నాయన నన్ను మఠం బోర్డింగులో వదిలిపెట్టాడు.

బోర్డింగు అంటే నాకు ఇప్పటికీ ముందు వాసనలే గుర్తుకొస్తాయి. తెల్లవారగానే కడిగిన నాపరాళ్ల తడి వాసన, గుడిలోంచి కొవ్వొత్తుల మైనం వాసన, వంటింట్లో నూక ఉప్మా మాడిన వాసన, మా తలలకు పూసిన ఆముదం. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, గంట కొడితే మాటలు మానడం. పూజకు రావాలని మమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేదు గాని, గుడి చల్లగా ఉంటుందని, పాటలు బాగుంటాయని అందరం పోయి వెనక కూర్చునేవాళ్లం. మాకు అసలు సంబరం పండగలు. ఒక్కొక్క సిస్టర్‌కు ఒక్కొక్క అర్చ్యశిష్టుల పేరు. ఆ అర్చ్యశిష్టుల పండగ రోజు ఆ సిస్టర్‌కు పండగ, ఆమెకు పండగైతే మాకూ పండగే. నికోలాసు వారి రోజున బెల్లం పప్పుచెక్క. లూసియమ్మ పండగ నాడు మా సిస్టర్ లూసీ పులిహోర చేయించేది. యోసేపు గారి పండగకు పాయసం. బ్లాసియుసు వారి పండగకు తిండి ఏమీ ఉండదు గాని, ఫాదర్ రెండు కొవ్వొత్తులు అడ్డంగా కట్టి మా గొంతుల దగ్గర పెట్టి దీవించేవాడు. చేపముల్లు గొంతులో ఇరుక్కున్న పిల్లవాణ్ణి బ్లాసియుసు వారు బతికించాడట. కంభం చెరువు చేప తిని పెరిగిన పిల్లలకు ఆ దీవెన ఎంత అవసరమో వేరే చెప్పాలా. కొత్త సిస్టర్ ఎవరైనా వస్తున్నారని తెలిస్తే మేమంతా గేటు దగ్గర మూగి ముందు పేరు అడిగేవాళ్లం. అప్పటికే ఉన్న పేరైతే నీరుగారిపోయేవాళ్లం. కొత్త పేరైతే ఇంకొక పండగ వచ్చినట్టే.

వాళ్ల కథలన్నీ సిస్టర్ లూసీ బియ్యం ఏరే వేళ చెప్పేది. సాయంత్రం వరండాలో చేటలు ముందర పెట్టుకుని మేమంతా రాళ్లు ఏరుతుంటే, ఆమె కూడా ఒక చేట తీసుకుని మధ్యలో కూర్చునేది. మార్టిన్ గారు గుర్రం మీద పోతూ చలికి వణికే బిచ్చగాణ్ణి చూసి తన దుప్పటిని కత్తితో రెండుగా చీల్చి సగం ఇచ్చాడని చెబితే, సగం గొంగడి కప్పుకుంటే ఇద్దరికీ చలే గదా అని నేను అడిగాను. "అవును మోళే, ఇద్దరికీ చలే" అన్నది ఆమె. మోళే అంటే వాళ్ల మలయాళంలో బిడ్డా అని. లూసియమ్మ బొమ్మ చేతిలో పళ్లెం, పళ్లెంలో రెండు కండ్లు చూసి మొదటి రోజు భయపడ్డాను. తర్వాత మా అమ్మకు కండ్లు మసకలని చెప్పి ఆమెకే మొక్కుకున్నాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ కథలన్నీ దొడ్డి దగ్గర కూర్చుని మా నాయనకు చెప్పేదాన్ని. ఆయన జీవాల మూతికి కట్టే చిక్కం అల్లుకుంటూ వినేవాడు. పాదువా అంతోనివారు పోయిన వస్తువులను చూపిస్తాడని చెప్పినప్పుడు చెయ్యి ఆపి, "పోయిన జీవాన్ని గూడా చూపిస్తాడా?" అన్నాడు. చూపిస్తాడన్నాను. "అయితే ఆయన మనోడే" అన్నాడు. తర్వాత నల్లమల అంచులో ఒక గొర్రె తప్పిపోయినప్పుడు మా నాయన చెన్నకేశవస్వామికి మొక్కి, ఆ పక్కనే అంతోనివారికి కూడా ఒక కొవ్వొత్తి మొక్కాడు. గొర్రె దొరికింది. ఎవరు చూపించారో తేలక ఇద్దరి మొక్కులూ చెల్లించాడు.

నేను పెద్దమనిషినైన ఏడు దసరా సెలవులకు ఇంటికి పోతే గురవమ్మ అత్త చీర, గాజులు, చలిమిడి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అత్త గట్టి మనిషి. మందలో ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో నడక చూసి చెప్పేది, మాట కూడా అట్లే కచ్చితంగా ఉండేది. మా నాయనకు ఆమె ఒక్కతే చెల్లెలు, చిన్నప్పుడే తల్లి పోతే ఆయనే ఎత్తుకుని పెంచాడు. ఆమె మాటకు ఆయన ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఆమె కొడుకు చెన్నయ్య బావకు నన్ను చేసుకోవాలనేది నేను పుట్టినప్పుడే అనుకున్నది. "శివరాత్రి పోనీ అన్నా, మంచి రోజు చూసి ముడేద్దాం. ఇంగ ఆడపిల్ల దూరాన ఎందుకు" అన్నది అత్త. మా నాయన తల ఊపాడు. చెన్నయ్య బావ అంటే నాకు కోపమేమీ లేదు. మంచివాడు, ఈతకాయలు తెచ్చి పెట్టేవాడు. కానీ తిరిగి బోర్డింగుకు వచ్చాక బియ్యం చేట ముందర కూర్చుంటే, ఇంక ఈ కథలు నాకుండవు గదా అనిపించి కండ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఆపేవాళ్లు ఎవరున్నారు అనుకున్నాను.

మా మఠానికి పెద్ద మదర్ ఆగ్నెస్. ఆమె పండగ జనవరిలో, అంటే ఆగ్నేసమ్మ పండగ. ఆ ఏడు మదర్‌కు సన్యాసంలో ఏదో పెద్ద మైలురాయి అట, అందుకని చుట్టుపక్కల పల్లెల వాళ్లనందరినీ పిలిచి ఆగ్నేసమ్మ నాటకం ఆడించాలని సిస్టర్ లూసీ పట్టుబట్టింది. ఆగ్నేసు రోములో పెద్దింటి పిల్ల. నగరాధికారి కొడుకు చేసుకుంటానంటే, నేను దేవుడికే మాట ఇచ్చాను, ఇంకొకరిని చేసుకోను అన్నది. నిప్పుల్లో వేశారు, నిప్పు పక్కకు తొలగిపోయింది. చివరికి కత్తితో చంపారు. ఆమె బొమ్మలో ఎప్పుడూ చేతిలో ఒక గొర్రెపిల్ల ఉంటుంది. ఆగ్నేసు వేషం స్టెల్లా అనే తొమ్మిదో తరగతి పిల్లకు ఇచ్చారు, తెల్లగా పొడుగ్గా బొమ్మలాగే ఉంటుందని. నన్ను పిలిచి సిస్టర్ లూసీ అడిగింది ఒక్కటే, మీ మందలోంచి తెల్లని పిల్లను తెప్పించగలవా అని. ఆ మాట వినగానే నేను వరండా చివరిదాకా పరుగెత్తి మళ్లీ వెనక్కి వచ్చాను. మా ఇంటి జీవం నాటకంలో ఉంటుందంటే అంత సంబరమైంది. కబురు పెట్టిన మూడో నాడే మా నాయన భుజాల మీద తెల్లటి పిల్లను వేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. బొమ్మలో ఉన్న గొర్రెకు ఒళ్లంతా ఉన్ని. సిస్టర్ లూసీ మా పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి బొచ్చు లేదే" అన్నది. "మన గొర్రెలకు బొచ్చు యాడిదమ్మగారూ, ఈ ఎండలకు బొచ్చుంటే బతుకుతాయా" అన్నాడు మా నాయన. ఆమె మైదా బంక కాచి దూది అంటించబోయింది. అంటించిన దూదినల్లా గొర్రెపిల్ల నాకి పడేసింది.

అసలు తంటా అది కాదు. స్టెల్లా ఎత్తుకుంటే చాలు, అది కాళ్లు తన్ని అరిచి దూకేది. స్టెల్లా చేతుల నిండా గీతలు పడ్డాయి. నేను ఎత్తుకుంటే మెడ మీద తల పెట్టుకుని నిద్రపోయేది. రెండు రోజులు చూసి సిస్టర్ లూసీ చేతులెత్తేసింది. "గొర్రెపిల్ల ఆగ్నేసును ఎంచుకున్నది. మనం ఏమి చేసేది" అని వేషం నాకు మార్చింది. నేను స్టెల్లా ముఖం చూడలేక తల వంచుకున్నాను. ఆమె నవ్వి, "నాకు కత్తి ఇయ్యండి సిస్టర్. నేనే దీన్ని నరుకుతా" అన్నది. అట్లా స్టెల్లా తలారి అయింది. నాకు మాటలన్నీ నేర్పించింది కూడా ఆమే. స్నానాల దగ్గర, బట్టలుతికే బండ దగ్గర, పళ్లేలు కడిగే చోట, ఎక్కడ కనిపిస్తే అక్కడ, "రోము కన్యా, పెండ్లికి ఒప్పుకుంటావా లేదా?" అని గద్దించేది. నేను, "నా చెయ్యి ఇదివరకే ఒకరికి ఇచ్చాను. ఆ మాట తప్పను" అని జవాబు చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా ఆ మాట నా నోట్లో గట్టిపడింది. లేదు, చేసుకోను అని ఒక ఆడపిల్ల పెద్దవాళ్ల ఎదుట నిలబడి అనవచ్చని నాకు అంతవరకు తెలియదు. అది నా మాట కాదు, ఆగ్నేసు మాట. అయినా నా నోటితో అంటున్నాను గదా అని ఒళ్లు పులకరించేది.

పండగ నాటికి మఠం ఆవరణ జనంతో నిండిపోయింది. బల్లలు కలిపి వేదిక చేశారు, దుప్పట్లు తెరలు. అగరొత్తుల పెట్టెల్లోని వెండి కాగితం అంటించిన అట్టకత్తి. నిప్పు కోసం ఇద్దరు పిల్లలు నారింజరంగు చీరను రెండు కొనల్లో పట్టుకుని ఊపాలి. మా నాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో ఇసుకలో కూర్చున్నాడు. వీధి నాటకాలు చూసిన మనిషి, ఏదో నవ్వులాట అనుకుని వచ్చాడు. నేను గొర్రెపిల్లను ఎత్తుకుని వేదిక ఎక్కగానే, "మాదే ఆ పిల్ల" అని పక్కవాళ్లతో చెప్పడం నాకు వినిపించింది. ఏ పిల్లను అన్నాడో, నన్నో గొర్రెనో, తెలియలేదు. నగరాధికారి వేషం వేసిన పిల్ల బొగ్గు మీసాలతో గద్దిస్తుంటే నాకు భయం ఎటు పోయిందో పోయింది. "నా చెయ్యి ఇదివరకే ఒకరికి ఇచ్చాను" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. గోడ అవతల ఎడ్లబండ్ల దగ్గర ఉన్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. చీర మంటలు లేచి పక్కకు తొలిగాయి. అప్పుడు స్టెల్లా నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, నా జడ ముందరికి తీసి మెడ బయటపెట్టి, కత్తి పైకెత్తింది. కత్తి దిగింది, నేను పక్కకు ఒరిగాను. గొర్రెపిల్ల నా చేతుల్లోంచి జారి, వచ్చి నా ముఖం నాకడం మొదలుపెట్టింది. చచ్చినదాన్ని నవ్వకూడదు గదా. పండ్లు బిగబట్టి పడుకున్నాను. ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడుస్తున్నారు, ప్రాణం పోయిన తల్లిని బిడ్డ లేపినట్టు జీవం ఆ పిల్లను లేపుతున్నదని. నేను కంటి కొనతో చూశాను. మా నాయన తలపాగా గుడ్డను నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

నాటకం అయ్యాక మదర్ ఆగ్నెస్ నన్ను దగ్గరికి తీసుకున్నది, సిస్టర్లందరూ ముద్దుపెట్టుకున్నారు, స్టెల్లా నన్ను గిరగిరా తిప్పింది. నేను గాల్లో నడుస్తూ మా నాయన దగ్గరికి పోయాను. బాగుందా నాయనా అని అడిగాను. ఆయన సిస్టర్ లూసీ వైపు తిరిగి, "అమ్మగారూ, ఆ రోము పిల్లకు వయసెంత?" అన్నాడు. "పన్నెండు, పదమూడు అంటారు" అన్నదామె. ఆయన నా ముఖం వైపు చూశాడు, గొర్రెపిల్లను భుజాల మీద వేసుకున్నాడు, పోయొస్తా అని కూడా అనకుండా గేటు దాటాడు. ఏమి తప్పు చేశానో అని ఆ రాత్రి పలావు కూడా నోటికి పోలేదు నాకు.

శివరాత్రికి ఇంటికి పోయేసరికి మా వాకిట్లో అత్త నిలబడి ఉన్నది. మా అమ్మ పొయ్యి ముందు తల వంచుకుని రొట్టె తట్టుతున్నది. "ఏందన్నా ఇది" అంటున్నది అత్త, "నాటకం చూసొచ్చి పెండ్లి ఆపేది యాడన్నా ఉందా?"

"ఉందో లేదో నాకు తెలవదు. నేనైతే ఆపినా" అన్నాడు మా నాయన.

"పిల్ల వద్దనిందా?"

"పిల్ల ఏమీ అనలా. దాన్ని అడగాకు."

"మరి నీకు చెప్పిందెవురు?"

"ఎవురూ చెప్పలా గురవమ్మా. ఆడ ఆ పిల్లను మోకాళ్ల మీద కూసోబెట్టి కత్తి ఎత్తినారు. ఇన్ని పల్లెల జనం ఉన్నాం. ఒక్కడు లెయ్యలా. ముక్కులు చీదుకుంటా చూస్తా ఉన్నాం. నేనూ కూసునే ఉన్నా. ఇంటికొచ్చినాక అన్నం సయించలా. అది నాటకం గాబట్టి సరిపాయ. ఈడ లెయ్యకపోతే ఎట్ల?"

అత్త ముఖం ఎర్రబడింది. "నా కొడుకు కత్తి పట్టుకోని వచ్చినాడా నీ బిడ్డ మీదికి?" అన్నది.

"నీ కొడుకు బంగారం. వాడు గూడా చిన్నోడే" అన్నాడు మా నాయన. అప్పుడు దొడ్డిలోంచి చెన్నయ్య బావ గొంతు వినిపించింది. "నాకు అప్పుడే పెండ్లేందని నేను దసరా నాడే చెప్పినా. నా మాట ఎవురన్నా ఇంటిరా?" అన్నాడు. ఇంకొక వేళైతే అందరం నవ్వేవాళ్లం. అత్త దొడ్డిలోకి పోయి, వాళ్ల జీవాలను చెవి గుర్తులు చూసి వేరు చేయడం మొదలుపెట్టింది. చెల్లెలు తన మందను వేరు చేస్తుంటే మా నాయన అడ్డం పోలేదు, సాయమూ చేయలేదు. స్తంభానికి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. జీవాలకు ఏం తెలుసు. వాళ్ల గొర్రెలు మా దొడ్డి వైపు, మా గొర్రెలు వాళ్ల దొడ్డి వైపు తిరిగి ఒకటే అరుపు. తర్వాత ఎన్నో రోజులు సాయంత్రమయ్యేసరికి వాళ్ల గొర్రెపిల్లలు కొన్ని మా వాకిట్లోకి వచ్చి నిలబడేవట. అత్త వచ్చి మాట్లాడకుండా తోలుకుపోయేదట. నాకు బడి దక్కింది. మా నాయనకు చెల్లెలు దూరమైంది. సంతోషం పట్టలేక ఒక గడియ, ఏడుపు ఆగక ఒక గడియ, నేను బోర్డింగుకు అట్లా తిరిగి వచ్చాను.

ఎండలు ముదిరాక ఒకనాడు కంభం సంత నుంచి తిన్నగా అత్త మఠం గేటుకు వచ్చింది. నన్ను పిలిపించారు. ఆమె నాతో మాట్లాడలేదు. సిస్టర్ లూసీతో, "ఆగ్నేసమ్మ అనే ఆమె యాడుంటది? ఆమెతో నాకు పని ఉంది" అన్నది. సిస్టర్ లూసీ నవ్వలేదు. గుడిలోకి దారి చూపించింది. అత్త కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి, ఆగ్నేసమ్మ పటం ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "చూడమ్మా, నీకూ నాకూ పాత తగాదా ఏం లేదు" అని పటంతోనే మొదలుపెట్టింది. "మా అన్న నా మాట ఎన్నడూ తీసెయ్యలా. నువ్వొచ్చినాక తీసేసినాడు. మంద రెండైంది. ఇది నీకు న్యాయమేనా?" అని చాలాసేపు అడిగింది. అడిగి అడిగి ఆగిపోయి, పటానికి దగ్గరగా పోయి చూసింది. "జీవాన్ని ఎత్తుకునేది తెలిసిన పిల్లే. కాళ్ల కింద చెయ్యి పెట్టింది" అన్నది తనలో తాను. తర్వాత నేల మీద కూర్చుని, "ఈ పిల్ల కథ ఏందో నాకు మొదట్నించి చెప్పు అమ్మగారూ" అన్నది.

సిస్టర్ లూసీ పక్కనే కూర్చుని చెప్పింది. దేవుణ్ణే పెండ్లాడతానన్నది అన్న దగ్గర అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "మా గోదమ్మ మాదిరా? ధనుర్మాసంలో మార్కాపురం గుడిలో ఆమె పాటలు పాడతారు. ఆమె గూడా సామినే చేసుకుంటా, మనిషిని చేసుకోనన్నది" అన్నది. "అవును, ఆమె మాదిరే" అన్నది సిస్టర్. అత్త పటం వైపు మళ్లీ చూసింది. ఈసారి కోపం లేదు. "మా గోదమ్మను పల్లకీలో తీసకపోయి సామికిచ్చి పెండ్లి చేసినారు. ఈ పిల్లకు పల్లకీ దొరకలా పాపం" అన్నది. కొంగుతో కండ్లు తుడుచుకున్నది. సిస్టర్ మజ్జిగ తెచ్చి ఇస్తే తాగింది. పోయేటప్పుడు నన్ను వెనక్కి తిప్పి, వదులైన నా జడ విప్పి గట్టిగా అల్లి, రిబ్బను ముడి వేసింది. ఆ చేతుల బిగువు నా మాడుకు తెలుస్తూనే ఉన్నది. నాకు ఎగిరి గంతులేయాలనిపించింది.

బడి తెరిచిన నాడు అత్త తన చిన్న కూతురు కొండమ్మ చెయ్యి పట్టుకుని, నెత్తిన రేకుపెట్టెతో గేటు దగ్గర నిలబడి ఉన్నది. మంద ఇంకా కలవలేదు, మా నాయనతో ఇంకా మాటలు లేవు. అయినా బిడ్డను తెచ్చింది. సిస్టర్ లూసీ పేరు రాసుకుంటుంటే అత్త అడ్డం వచ్చి, "ఒక మాట అమ్మగారూ. ఈ పిల్లకు నాటకంలో చచ్చే వేషం మాత్రం ఇయ్యాకండి. బతికే వేషముంటే ఇయ్యండి" అన్నది. సిస్టర్ సరేనన్నది. కానీ ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆమె పడిన పాట్లు మాకు తెలుసు. బియ్యం ఏరుతూ మేమంతా ఒక్కొక్కరి పేరు చెప్పేవాళ్లం. లూసియమ్మనా, చంపారు. సిసిలియమ్మనా, చంపారు. కేతరినమ్మనా, చక్రానికి కట్టి ఆ తర్వాత చంపారు. చివరికి హంగేరీ దేశపు ఎలిసబెత్తు రాణి దొరికింది. ఆమె బీదలకు రొట్టెలు ఒళ్లో దాచుకుని తీసుకుపోతుంటే రాజు ఆపి చూపించమన్నాడట. కొంగు విప్పితే రొట్టెలన్నీ గులాబీలై ఉన్నాయట. కొండమ్మ రాణి వేషం వేసింది. గులాబీలు మాకెక్కడివి, ఒడి నిండా చామంతులు పోశారు. ఆ నాటకానికి అత్త వచ్చింది. మా నాయనా వచ్చాడు. ముందు వరసలో ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు ఉన్నది. కొండమ్మ కొంగు వదలగానే పసుపుపచ్చని పూలు జలజలా వేదిక నిండా రాలి, దొర్లుకుంటూ ఇసుకలో పడ్డాయి. జనమంతా ఒక్కసారిగా ఆహా అన్నారు. అత్త మాత్రం లేచి నిలబడి, "అంతా బాగానే ఉంది అమ్మగారూ. రొట్టెలు పూలైపాయె. ఆడ ఆకలితో కూసున్నోళ్లు ఏం తిన్నారు మరి?" అన్నది.

మదర్ ఆగ్నెస్ పగలబడి నవ్వింది, ఫాదర్ నవ్వాడు. మా నాయన నవ్వుతూ నవ్వుతూ దగ్గు వచ్చి, పక్కకు జరిగి చెల్లెలి భుజం పట్టుకున్నాడు. ఆమె ఆ చేతిని విదిలించలేదు. సిస్టర్ లూసీ మాత్రం నవ్వలేదు. కొంగు బొడ్లో దోపి, వంటింటి వైపు నడిచింది. మా కోసం వండిన పండగ అన్నం గంగాళాలు బయటికి మోయించి, నాటకం చూడటానికి వచ్చిన వాళ్లందరినీ వరండాలో కూర్చోబెట్టింది. మాకు తలా రెండు ముద్దలే దక్కాయి. ఎవరికీ బాధ కలగలేదు. మా నాయన, అత్త పక్కపక్క విస్తళ్ల ముందు కూర్చుని తిన్నారు. మంద కలవడానికి ఇంకా ఏడాది పట్టింది గాని, ఆ మధ్య చోటు ఆ పూటే పోయింది.

ఇప్పుడు ఆ మఠం రెండంతస్తుల మేడ. పిల్లలకు మెడలో కార్డులు, బస్సులు, ఆర్వో నీళ్లు. పండగలకు ఫ్లెక్సీలు, రంగుల లైట్లు, గుండెలదిరే సౌండు. మా ఇండ్లలో పదమూడేళ్ల పిల్లకు పెండ్లి అనే మాట ఎత్తితే ఇప్పటి పిల్లలు ఎక్కడి కథ అన్నట్టు చూస్తారు. సిస్టర్ లూసీ లేదు, మా నాయన లేడు, అత్త కూడా లేదు. కొండమ్మ పదో తరగతి చదివి వెనక్కి వచ్చి, ఆ చుట్టుపక్కల అందరికంటే పెద్ద మందను సాకుతున్నది. అర్చ్యశిష్టుల పేర్లు నేను ఒకటి మరిచిపోతే అది అందిస్తుంది. ఇక ఆ మఠంలో ఏ అర్చ్యశిష్టుల పండగ జరిగినా, పూజ కాగానే ఊరి జనమంతా విస్తళ్ల ముందు కూర్చుంటారు, ఏ కులమని, ఏ దేవుడని అడగకుండా వడ్డిస్తారు. అది ఏ మఠం నియమంలోనూ లేదు, మా గురవమ్మ అత్త అడిగినందుకు పెడుతున్న అన్నం అది.